మే నెల గదిని చూసి కూలర్ ఎంచుకోండి

(కంప్యూటర్‌కు మెదడు లాంటి ప్రాసెసర్ చిప్పు మీద బిగించి దాని వేడిని లాగే కూలర్ గురించి, హైదరాబాద్‌లో సొంతంగా కంప్యూటర్లు బిగించుకునే విద్యార్థులు, ఉద్యోగుల కోసం ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగమిది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడినవాళ్లు వచ్చి కూర్చోండి. ఈ బల్ల మీద ఉన్న మదర్‌బోర్డు, అంటే కంప్యూటర్ భాగాలన్నీ కూర్చునే పెద్ద బోర్డు, మీకు దగ్గర నుంచి కనబడాలి. సగం మాటలు దాని మీదే ఉంటాయి.

మొదట ఒక ప్రశ్న. మీ కంప్యూటర్ ఉన్న గదిలో మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు వేడి ఎంత ఉంటుందో ఎప్పుడైనా కొలిచారా? కొలిచినవాళ్లు చేతులెత్తండి. చాలా తక్కువమంది. సరే, ప్రాసెసర్ ఎంత వేడెక్కుతోందో చూసుకున్నవాళ్లు? దాదాపు అందరూ ఎత్తారు. ఎక్కడ ఆగిందో చూస్తున్నాం, ఎక్కడ మొదలైందో చూడటం లేదు. ఈ రోజు నా మాటలన్నీ ఆ మొదలు గురించే.

గాలి కూలర్ అంటే లోహపు రేకులు, వాటికో ఫ్యాను. అది చల్లదనాన్ని పుట్టించదు. ప్రాసెసర్‌లో పుట్టిన వేడిని తీసుకుని మీ గదిలోని గాలికి అప్పగిస్తుంది. దాని పని అంతవరకే. కాబట్టి ఎంత ఖరీదైన గాలి కూలర్ పెట్టినా ప్రాసెసర్ మీ గదికన్నా చల్లగా ఉండదు. గది కంటే ఎన్ని డిగ్రీలు పైన ఉంటుందన్నదే కూలర్ చేతిలో ఉంది. గది ఎంత వేడిగా ఉంటుందన్నది ఎండ చేతిలో ఉంది, మీ ఇంటి పైకప్పు చేతిలో ఉంది.

ఒక లెక్క వేద్దాం. ఒక కూలర్ ఉంది. 120 వాట్ల పని జరుగుతున్నప్పుడు అది ప్రాసెసర్‌ను చుట్టూ ఉన్న గాలి కంటే 50 డిగ్రీలు పైన నిలబెడుతుందనుకోండి. దాన్ని పరీక్షించినవాళ్ల గదిలో ఏసీ ఉంటుంది, గాలి 22 డిగ్రీలుంటుంది. వాళ్లకు 72 వచ్చింది, బ్రహ్మాండంగా ఉందని రాశారు. నిజమే చెప్పారు. అదే కూలర్ మీ గదికి వచ్చింది. మేలో హైదరాబాద్‌లో పగలు 40 దాటడం మామూలే. 1966 జూన్‌లో 45.5 కూడా నమోదైంది. మీరు అద్దెకుంటున్నది డాబా మీద పెంట్‌హౌస్ గది అయితే పైకప్పు రోజంతా ఎండను తాగి, రాత్రి పదకొండింటి దాకా దాన్ని మీ మీదకు వదులుతూనే ఉంటుంది. గదిలో 38 అనుకుందాం. 38కి 50 కలిపితే 88. క్యాబినెట్, అంటే కంప్యూటర్ పెట్టె, దాని లోపలి గాలి గది గాలి కంటే ఇంకొక ఐదు డిగ్రీలు ఎక్కువగా ఉంటే 93. కూలర్ అదే, ప్రాసెసర్ అదే, పని అదే. అక్కడ 72, ఇక్కడ 93.

ఇంటెల్ ప్రాసెసర్లు ఎక్కువగా 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అంటే ఎండాకాలంలో మీరు అంచు దాకా వెళ్లి కూర్చున్నారు. సమీక్షలు చదవండి, తప్పకుండా చదవండి. కానీ అందులో చివరి ఉష్ణోగ్రతను వదిలేయండి. గది కంటే ఎంత పైన ఉందన్న తేడాను చూడండి. బాగా పరీక్షించేవాళ్లు ఆ తేడానే ఇస్తారు. దానికి మీ గది వేడిని మీరు కలుపుకోండి. గోడకు తగిలించే చిన్న థర్మామీటర్ ఒకటి చాలు, కూలర్ కొనేముందు అది కొనండి.

ఇక రెండో అంకె, వాట్లు. ప్రాసెసర్ పెట్టె మీద 65 వాట్లని ఉంటుంది. మనం 65 అనుకుని కూలర్ కొంటాం. ఇంటెల్ ఐ5-12400 మూల విలువ 65 వాట్లే, కానీ జోరుగా పనిచేసేటప్పుడు ఇంటెల్ చెప్పే గరిష్ఠం 117 వాట్లు. ఐ7-13700K మూల విలువ 125, గరిష్ఠం 253. రెట్టింపు! ఏఎండీ రైజెన్ 5 7600 మీద 65 అని ఉంటుంది, సాకెట్, అంటే బోర్డులో అది కూర్చునే చోటు, నుంచి 88 దాకా తీసుకుంటుంది. 7950ఎక్స్ మీద 170, తీసుకునేది 230 దాకా. కూలర్ మోయాల్సింది రెండో అంకెను. దుకాణంలో ఎవరైనా ‘65 వాట్ల ప్రాసెసర్ కదా, ఏదైనా చాలు’ అంటే వినకండి.

కూలర్ పెట్టె మీద కూడా 200 వాట్లు, 220 వాట్లు అని రాసి ఉంటుంది కదా, దాన్ని నమ్మవచ్చా అని అడుగుతారు. ఆ అంకెకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఏ గదిలో, ఏ ప్రాసెసర్ మీద, ఎన్ని డిగ్రీల దాకా అన్నది ఒక్కో కంపెనీ తనకు తోచినట్టు తీసుకుంటుంది. నోక్టువా లాంటి కంపెనీ వాట్ల అంకె ఇవ్వడమే మానేసి తన సొంత పోలిక పట్టిక పెట్టుకుంది. ఒకే కంపెనీ కూలర్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి ఆ అంకె కొంత పనికొస్తుంది, అంతకుమించి ఆశించకండి.

మరి ప్రాసెసర్‌తో పాటు బాక్సులో వచ్చిన కూలర్ సరిపోదా? కొందరికి సరిపోతుంది. ఉత్తరాలు రాసుకోవడం, లెక్కల పట్టికలు, ఆన్‌లైన్ పాఠాలు, సినిమా చూడటం, ఇంతే అయితే మార్చకండి, ఆ డబ్బుతో ర్యామ్ కొనండి. వీడియో ఎడిటింగ్ చేస్తారా, పెద్ద ప్రోగ్రాములు కంపైల్ చేస్తారా, గంటల తరబడి ఆటలాడతారా, అప్పుడు మార్చండి. ఇంటెల్‌లో పేరు చివర కే (K) అక్షరమున్న ప్రాసెసర్లకు అసలు కూలరే రాదు, వేరే కొనాల్సిందే.

కూలర్ లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చూద్దాం. ఇది చేతిలోకి తీసుకుని పక్కవాళ్లకు ఇవ్వండి. అంచులు పదునుగా ఉంటాయి, జాగ్రత్త. అడుగున నున్నటి పలక ఉంది. దాని నుంచి రాగి గొట్టాలు పైకి లేచి అల్యూమినియం రేకుల్లోంచి దూరి వెళ్తున్నాయి. అవే హీట్‌పైపులు. అవి గట్టి రాగి కడ్డీలనుకుంటారు చాలామంది. లోపల బోలుగా ఉంటుంది. లోపలి గోడకు రాగి పొడిని కాల్చి అతికించిన సన్నటి రంధ్రాల పొర ఉంటుంది. గాలి తీసేసి కొద్దిగా నీళ్లు పోసి మూసేస్తారు. లోపల గాలి లేదు కాబట్టి నీళ్లు 100 డిగ్రీల దాకా ఆగవు, చాలా తక్కువ వేడికే ఆవిరవుతాయి. ఆ ఆవిరి పైకి పరుగెత్తి రేకుల దగ్గర వేడిని వదిలేసి మళ్లీ నీరవుతుంది. ఆ నీటిని రంధ్రాల పొర పీల్చుకుని కిందికి తెస్తుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ఈ ఆలోచనకు 1940లలోనే అమెరికాలో పేటెంటు ఉంది. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీన్ని మళ్లీ స్వతంత్రంగా రూపొందించి, హీట్‌పైపు అన్న పేరు స్థిరపరిచారు. అంతరిక్ష నౌకల కోసం పెరిగిన విద్య ఇవాళ మీ బల్ల కింద పనిచేస్తోంది. నాకు దీన్ని ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

ఎంపికకు వద్దాం. నేను మూడు రకాలుగా చూస్తాను. సాకెట్ నుంచి 90 వాట్ల లోపు తీసుకునేవాటికి నాలుగు హీట్‌పైపులు, ఒక 120 మి.మీ. ఫ్యాను ఉన్న ఒంటి టవర్, అంటే ఒకే రేకుల దొంతర ఉన్న కూలర్, చాలు. డీప్‌కూల్ ఏకే400 ఆ కోవలోది, ఎత్తు 155 మి.మీ. 120 నుంచి 180 వాట్ల దాకా అయితే ఆరు హీట్‌పైపులు, రెండు ఫ్యాన్లు ఉన్న జంట టవర్. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ లాంటిది. ఎత్తు మళ్లీ 155. మధ్యలో ఉన్నవాళ్ల సంగతి? గదిలో ఏసీ లేకపోతే జంట టవర్ వైపే మొగ్గండి. మనకు ఎండాకాలం ఉంది, ఒక మెట్టు పైది కొనడం దుబారా కాదు. ఈ తరగతుల్లో ఒకదానికీ పైదానికీ తేడా చాలాసార్లు వెయ్యి, పదిహేను వందల రూపాయలే ఉంటుంది.

250 వాట్లు తాగే ప్రాసెసర్‌ను 38 డిగ్రీల గదిలో గాలి కూలర్‌తో పూర్తి జోరుగా నడపాలనుకోకండి. అక్కడ నా సలహా వేరు. వాట్లకు పరిమితి పెట్టండి. బయాస్‌లోకి, అంటే కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరిచే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్లి 253ను 150కి దించితే ప్రాసెసర్‌లోని కోర్లన్నీ (పని విభాగాలన్నీ) కష్టపడే పనిలో కొంత వేగం పోతుంది, ఆటల్లో తేడా చాలావరకు కనబడదు. చివరి వంద వాట్లు తెచ్చే వేగం అంత కొంచెం. చాలా మదర్‌బోర్డులు కంపెనీ నుంచే పరిమితి తీసేసి వస్తాయి. ఆ చోట 4095 వాట్లు అని కనబడితే, పరిమితి లేదనే అర్థం. కొన్ని బోర్డులు మొదటిసారి ఆన్ చేయగానే ఏ కూలర్ పెట్టారని అడుగుతాయి. నీటి కూలర్ (గొట్టాల్లో నీళ్లు తిప్పి ప్రాసెసర్ వేడిని లాగేది) అని నొక్కితే పరిమితి ఎత్తేస్తాయి. మీకున్నది ఏదో అదే నొక్కండి. రైజెన్‌లో ఎకో మోడ్ ఉంటుంది, అది కూడా ఇదే పని.

రైజెన్ 7000 వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? అదిగో, అక్కడ ఉన్నారు. అమ్మా, మీకు బరువైన పనిలో 95 కనబడి భయపడ్డారు కదా? ఆ శ్రేణిని 95 దాకా వెళ్లి అక్కడే నిలిచి పనిచేసేలా ఏఎండీయే రూపొందించింది. మంచి కూలర్ పెడితే అంకె 95 దగ్గరే ఉండి, వేగం పెరగొచ్చు. కాబట్టి అక్కడ ఉష్ణోగ్రతతో పాటు ఎన్ని గిగాహెర్ట్జ్ వేగం నిలబెడుతోందో కూడా చూడండి.

ఇప్పుడు కొలతలు. పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: సాకెట్ పేరు, క్యాబినెట్ పట్టే కూలర్ ఎత్తు, మీ ర్యామ్ ఎత్తు. మెట్రో దిగి, అన్ని అంతస్తులూ తిరిగి, బేరమాడి, ఇంటికొచ్చాక అద్దం తలుపు మూతపడకపోతే ఎంత బాధ! నోక్టువా ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165 మి.మీ. మీ క్యాబినెట్ 160 అంటే 160. ఆ ఐదు మిల్లీమీటర్లు ఎక్కడినుంచీ రావు. రంగుల దీపాలున్న ర్యామ్ మీద ఎత్తయిన రేకులుంటాయి. ముందువైపు ఫ్యాను సరిగ్గా వాటి పైనే కూర్చుంటుంది. అదే డీ15లో రెండు ఫ్యాన్లూ మామూలుగా పెడితే కింద ర్యామ్‌కు మిగిలేది 32 మి.మీ. ఫ్యానును పైకి జరపవచ్చు, కానీ జరిపినంత ఎత్తు క్యాబినెట్‌లో కావాలి.

సాకెట్ సంగతి ఇంకొంచెం. ఇంటెల్ పాత 1151, 1200 సాకెట్లలో కూలర్ బిగించే రంధ్రాల మధ్య దూరం 75 మి.మీ. 2021లో వచ్చిన 1700 సాకెట్‌లో అది 78. మూడు మిల్లీమీటర్లే తేడా, కానీ పాత బ్రాకెట్ పట్టదు. ఎప్పటినుంచో దుకాణం అరలో ఉన్న పాత సరుకు పెట్టెలో 1700 బ్రాకెట్ ఉందో లేదో తెరిచి చూడమనండి. ఆ తర్వాతి 1851 సాకెట్‌కు 1700 బిగింపే సరిపోతుంది. ఏఎండీలో ఏఎం4 సాకెట్ కూలర్లు చాలావరకు ఏఎం5కు కూడా వస్తాయి. ఒక్క మెలిక ఉంది: ఏఎం5లో బోర్డు వెనక ఉండే బ్యాక్‌ప్లేట్ సాకెట్‌తో కలిసే ఉంటుంది, తీయడానికి లేదు. తన సొంత బ్యాక్‌ప్లేట్ కావాలనే కూలర్ దాని మీద కూర్చోదు.

కూలర్ మీద రంగుల దీపాలు అవసరమా అని అడిగారు ఇందాక. నచ్చితే కొనుక్కోండి, చల్లదనానికి దానికీ సంబంధం లేదు.

ఇక బిగింపు. అందరూ ఇటు చూడండి. మంచి కూలర్‌ను సరిగ్గా బిగించకపోతే దానికన్నా సరిగ్గా బిగించిన చవక కూలరే మేలు. ఇది నేను చాలా ఏళ్లుగా, చాలా కంప్యూటర్లు విప్పి చూసి చెబుతున్న మాట. ఒకసారి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక విద్యార్థి వచ్చాడు. వీడియో తయారు చేయబోతే కంప్యూటర్ మొదట జోరుగా నడిచి, నిమిషంలో నత్తనడక పడుతోంది. కొత్త కూలర్ కొనడానికి డబ్బులు కూడా సిద్ధం చేసుకున్నాడు. ముందు ఉన్నది విప్పి చూద్దామన్నాను. తీస్తే, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్టు మూడు మూలల్లో కాగితమంత పల్చగా పరుచుకుంది. నాలుగో మూలలో ట్యూబులోంచి వచ్చింది వచ్చినట్టే ఎత్తుగా, తెల్లగా ఉంది, నొక్కుడే పడలేదు. బోర్డు తిప్పి చూస్తే ఆ మూలలో కూలర్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ పిన్ను రంధ్రంలోంచి పూర్తిగా బయటికి రాలేదు. తుడిచి, కొత్త పేస్టు వేసి, నాలుగు పిన్నులూ టక్కుమనేదాకా నొక్కాం. జబ్బు పోయింది. ఆ అబ్బాయి డబ్బులు జేబులోనే ఉన్నాయి. పేస్టు ముద్ర మీకు అన్నీ చెబుతుంది. కూలర్ ఎప్పుడు తీసినా తుడిచేముందు ఆ ముద్రను ఫోటో తీసుకోండి.

పేస్టు ఎందుకు? రెండు లోహాలు ఎంత నున్నగా కనబడినా మధ్యలో కంటికి కనబడని సందులుంటాయి, వాటిలో గాలి ఉంటుంది. వేడిని మోయడంలో గాలి అన్నింటికన్నా బద్ధకస్తురాలు. రాగి శక్తి దాదాపు 400 అనుకుంటే, గాలిది 0.026. పేస్టుది 5 నుంచి 10 వరకు, కొంచెం అటూ ఇటూ. గమనించారా? పేస్టు గాలి కన్నా వందల రెట్లు మేలు, రాగితో పోలిస్తే ఎందుకూ కొరగాదు. అందుకే లోహానికి లోహం తగలని చోట మాత్రమే అది ఉండాలి. ఎక్కువ వేస్తే ఎక్కువ చల్లదనం అన్న నమ్మకం ఇక్కడే తప్పుతుంది. అదనంగా వేసింది నొక్కుడుకు పక్కలకు కారిపోతుంది, మామూలు పేస్టు అయితే తుడుచుకోవడం తప్ప నష్టం లేదు. తక్కువ వేస్తే మాత్రం నష్టమే. పేస్టుకు బదులుగా అమ్మే ద్రవ లోహం జోలికి పోకండి. దానిలోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, విద్యుత్తును కూడా ప్రవహింపజేస్తుంది. మనకు దాని అవసరం లేదు.

ఇప్పుడు చేద్దాం. కూలర్ ఎత్తకముందే మూడు పనులు. ర్యామ్ పెట్టేయండి. ఎం.2 ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే పల్చటి బిళ్ల) ఉంటే పెట్టేయండి, చాలా బోర్డుల్లో దాని చోటు సరిగ్గా కూలర్ కిందికి వస్తుంది. ప్రాసెసర్‌కు కరెంటునిచ్చే ఎనిమిది పిన్నుల తీగను బోర్డు పై మూలలో గుచ్చేయండి. పెద్ద కూలర్ కూర్చున్నాక ఆ మూలలోకి వేలు కాదు కదా, పెన్సిలు కూడా పోదు. క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టండి. నిలబెట్టి బిగించే ప్రయత్నం చేయకండి, కూలర్ బరువుకు కిందివైపు జారుతుంది.

పాత కూలర్ తీయాలంటే ముందు కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపి ఆపేయండి, పేస్టు మెత్తబడుతుంది. కరెంటు తీగ తీసేశాకే చేయి పెట్టండి. ఏఎం4 వాడేవాళ్లు బాగా వినండి, దాంట్లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. కూలర్‌ను నిట్టనిలువునా లాగితే, లివర్ మూసి ఉన్నా, పేస్టుకు అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. లాగకండి. ఇలా, అటూ ఇటూ మెల్లగా మెలితిప్పండి. వదులైనట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు ఎత్తండి.

పాత పేస్టును తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడగండి. పీచు రాలని గుడ్డ వాడండి. ప్రాసెసర్ పై మూత అద్దంలా మెరవాలి. అది తడి ఆరేదాకా ఆగండి.

తర్వాత బ్రాకెట్లు. ఇంటెల్‌కు వేరు, ఏఎండీకి వేరు స్తంభాలు, వాషర్లు ఉంటాయి. పెట్టెలోంచి అన్నీ ఒకే గిన్నెలో పోసుకోకండి, వచ్చిన సంచుల్లోనే ఉంచండి. ఏఎం4 బోర్డులో ముందువైపు ప్లాస్టిక్ బ్రాకెట్ల స్క్రూలు తీయగానే వెనక బ్యాక్‌ప్లేట్ కిందపడుతుంది. ఒక చేయి వెనక ఉంచండి.

కూలర్ అడుగున పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఇదిగో, తీస్తున్నాను. చూశారుగా? ఉందో లేదో తెలియనంత స్వచ్ఛంగా ఉంది. గోటితో మూల లేపి చూసుకోండి. ఇది ఉండిపోతే కంప్యూటర్ ఆన్ చేసిన కాసేపటికే ఉష్ణోగ్రత 90 దాటవచ్చు.

పేస్టు మధ్యలో బఠాణీ గింజంత. ఇంటెల్ 1700 ప్రాసెసర్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి దానికి మూల నుంచి మూలకు గుణకారపు గుర్తులా గీయండి. ఏఎం5 ప్రాసెసర్ మూత అంచుల్లో కోతలుంటాయి, దానికి మాత్రం కొంచెం తక్కువగా వేయండి. వేలితో పులమకండి. కూలర్‌ను తిన్నగా దించండి. దించాక ఎత్తకూడదు. ఎత్తితే తుడిచి మళ్లీ మొదటినుంచి వేయాలి, లేదంటే గాలి బుడగలు లోపల చిక్కుకుంటాయి.

స్క్రూలు. ఇక్కడే అందరూ తొందరపడతారు. ఒకటి పూర్తిగా బిగించి రెండో దానికి వెళ్తారు. అప్పటికే ఒకవైపు దిగిపోయింది, ఇంకోవైపు లేచింది. కారు చక్రం మార్చే మెకానిక్కును చూశారా? ఒక నట్టు కొంత, దానికి ఎదురుగా ఉన్నది కొంత, అలా తిప్పుకుంటూ వస్తాడు. ఇక్కడా అంతే. మొదట రెండు వైపులా మర పట్టేదాకా వేలితో. తర్వాత ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు. ఎంత బిగించాలి? ఈ స్క్రూలకు స్ప్రింగులున్నాయి, మర అయిపోగానే అవే ఆగిపోతాయి. ఆగాక బలం పెట్టకండి. బాబూ, నువ్వు రా, ఇది బిగించు. మెల్లగా. అదీ, ఆగింది కదా? చాలు. చేతికి తెలిసింది కదా, ఇంకెవరూ నీకు చెప్పక్కర్లేదు.

ఫ్యాను ఎటువైపు? ఫ్యానుకు తెరిచి ఉన్న ముఖం గాలిని పీల్చేది. నాలుగు కడ్డీలు కనబడే ముఖం నుంచి గాలి బయటికి పోతుంది. కొన్నింటి అంచు మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. గాలి క్యాబినెట్ ముందువైపు నుంచి వచ్చి వెనక్కి పోవాలి, జంట టవర్‌లో రెండు ఫ్యాన్లూ ఒకే దిక్కుకు ఊదాలి. ఒకటి అటు, ఒకటి ఇటు పెట్టినవి నేను చాలా చూశాను. తీగను సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న నాలుగు పిన్నుల చోటే గుచ్చండి. వేరేచోట గుచ్చితే చాలా బోర్డులు ఫ్యాను లేదని చెప్పి ఆగిపోతాయి.

క్యాబినెట్ గురించి ఒక మాట, ఇది నాకు బాధ కలిగించే విషయం. ముందువైపంతా గట్టి అద్దం ఉన్న క్యాబినెట్లు అందంగా ఉంటాయని కొంటున్నారు. గాలి ఎక్కడినుంచి వస్తుంది? పక్క సందుల్లోంచి కొంచెం కొంచెంగా. లోపల గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడి గాలినే కూలర్ మళ్లీ పీలుస్తుంది. కూలర్ మంచిదే, దానికి తినడానికి ఇచ్చింది వేడి గాలి. మీ దగ్గర అలాంటిదే ఉంటే ఒక పరీక్ష చేయండి. బరువైన పని పెట్టి అంకె చూసుకోండి, తర్వాత పక్క తలుపు తీసేసి పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి. ఐదారు డిగ్రీలకు మించి తగ్గితే తప్పు కూలర్‌ది కాదు. ముందు జాలీ ఉన్న క్యాబినెట్‌కు డబ్బు పెట్టండి.

ఆన్ చేశాక మొదట బయాస్‌లోకే వెళ్లండి. ఫ్యాను తిరుగుతోందా, ఉష్ణోగ్రత నిలకడగా ఉందా చూడండి. అక్కడే ఫ్యాను వేగాన్ని సర్దుకోవచ్చు. నేను 50 డిగ్రీల దాకా 30 శాతం, 70 దగ్గర 65 శాతం, 85కి పూర్తి వేగం పెడతాను. ప్రాసెసర్ వేడి క్షణక్షణం ఎగిరిపడుతుంది కాబట్టి ఫ్యాను స్పందించడానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టండి, లేకపోతే గొంతు చించుకుని ఆగుతూ, మళ్లీ చించుకుంటూ ఉంటుంది. తర్వాత సినీబెంచ్ అనే, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే పరీక్ష ప్రోగ్రామును పది నిమిషాలు నడిపి, గోడ మీది థర్మామీటర్ అంకెనూ, ప్రాసెసర్ అంకెనూ పక్కపక్కన రాసి పెట్టుకోండి. తేదీతో సహా. వచ్చే ఏడాది అదే పరీక్షలో తేడా పెరిగితే దుమ్ము పట్టిందనో, పేస్టు ఎండిందనో తెలుస్తుంది.

దుమ్ము మన ఊళ్లో చిన్న విషయం కాదు. చుట్టూ ఎక్కడో ఒకచోట ఇల్లు కడుతూనే ఉంటారు. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ముందు ఒకసారి, వానాకాలం తర్వాత ఒకసారి, మెత్తటి కుంచెతో, బ్లోయర్‌తో శుభ్రం చేయండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి ఉంచండి, గాలికి మితిమీరి తిరిగితే బేరింగు పాడవుతుంది.

ప్రశ్నలు వచ్చాయి, చదువుతాను. ‘కిటికీకి పెట్టే నీళ్ల కూలర్ గాలి కంప్యూటర్‌కు తగలవచ్చా?’ అది గదిని చల్లబరిస్తే ప్రాసెసర్ కూడా ఆ మేరకు చల్లబడుతుంది, మంచిదే. గాలి కూలర్ గది కన్నా చల్లగా పోదు కాబట్టి దాని మీద నీరు పట్టే భయం మామూలుగా ఉండదు. కానీ ఆ తడి గాలి నేరుగా క్యాబినెట్‌లోకి కొట్టేలా పెట్టకండి. తుంపర పడితే ప్రమాదం, పడకపోయినా తడికి దుమ్ము రేకుల మధ్య ముద్దగా అతుక్కుంటుంది, కుంచెకు రాదు.

‘కూలర్ పెట్టాక కంప్యూటర్‌ను ఊరికి తీసుకెళ్లవచ్చా?’ డీ15 ఫ్యాన్లతో కలిపి 1,320 గ్రాములు. అంత బరువు నిలబెట్టిన బోర్డుకు పక్కగా వేలాడుతోంది. ఇంట్లో కదలకుండా ఉంటే ఏమీ కాదు. ఆటోలో గుంతల మీదుగా ఎంజీబీఎస్‌కు, అక్కడినుంచి బస్సు డిక్కీలో అయితే కూలర్ విప్పి విడిగా పట్టుకెళ్లండి. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా అయితే క్యాబినెట్‌ను పడుకోబెట్టి, కూలర్ పైకి చూసేలా ఒళ్లో పెట్టుకుని వెళ్లవచ్చు.

‘పేస్టు ఎన్నాళ్లకు మార్చాలి?’ మంచిది అయితే కొన్నేళ్లు ఉంటుంది. క్యాలెండర్ చూసి మార్చకండి, మీరు రాసి పెట్టుకున్న ఆ తేడా చూసి మార్చండి. ముందు దుమ్ము దులిపి చూసి, అప్పటికీ తగ్గకపోతే పేస్టు.

ఇంకొకటి ఉంది. ‘మిగిలిన స్క్రూలు, బ్రాకెట్లు పారేయవచ్చా?’ వద్దు. మంచి కూలర్ రెండు మూడు ప్రాసెసర్లను చూస్తుంది. రేపు మీరు ఇంటెల్ నుంచి ఏఎండీకి మారితే కావలసింది ఆ సంచిలోనే ఉంటుంది. కూలర్ పేరు రాసి, బిల్లుతో కలిపి దాచండి. కొన్ని కంపెనీలు బిల్లు చూపిస్తే కొత్త సాకెట్ బ్రాకెట్లు ఉచితంగా పంపుతాయి.

ఈ బల్ల మీద ఇంటెల్ బోర్డు ఒకటి, ఏఎం4 బోర్డు ఒకటి ఉన్నాయి, పేస్టు ట్యూబులు, ఆల్కహాలు సీసా ఉన్నాయి. ఇద్దరిద్దరుగా రండి. ఒకరు బిగించండి, రెండోవాళ్లు విప్పి పేస్టు ముద్ర చూసి ఎక్కడ నొక్కుడు తక్కువైందో చెప్పండి. మొదట కుడివైపు వరుసవాళ్లు.